నేను చెప్పకుండా వదిలేసిన మాట

పంజాగుట్ట చౌరస్తా దాటి ఎర్రమంజిల్ వైపు వెళ్లే దారిలో, ఒక పాత భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. వరదలకీ తుఫాన్లకీ దెబ్బతిన్న ఆసుపత్రులను విదేశీ సంస్థల సాయంతో మళ్లీ కట్టించడం మా సంస్థ పని. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు మనవాళ్ల మాటను ఇంగ్లీషులోనూ, వాళ్ల మాటను మనవాళ్లకు తెలుగులోనూ చెప్పడం నా ఉద్యోగం. అమీర్‌పేటలోని మా ఇంటి నుంచి మెట్రో స్తంభాల కిందుగా నడిచి వెళ్లేదాన్ని.

ఈ విద్య నాకు నాన్న దగ్గర అబ్బింది. ఆయన బడిపంతులుగా రిటైరయ్యారు. మా చర్చికి విదేశీ బోధకులు వచ్చినప్పుడల్లా వేదిక మీద పక్కన నిలబడి తర్జుమా చేసేవారు. బోధకుడు పొరపాటుగా మాట్లాడినా ఆ పొరపాటునే తెలుగులో చెప్పేవారు. "సరిదిద్దడం మన పని కాదమ్మా" అనేవారు.

ఆ ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఒడ్డున ఉన్న ఊళ్లలో మూడు ఆరోగ్య ఉపకేంద్రాలు పనికిరాకుండా పోయాయి. వాటిని కట్టిస్తామని యూరప్ నుంచి ఒక సంస్థ ముందుకొచ్చింది. నెలన్నర తర్వాత వాళ్ల తరఫున అరవై ఏళ్ల డాక్టరమ్మ, ఒక ఇంజనీరు వచ్చారు. దారులు ఇంకా తెగే ఉండడంతో వాళ్లు ఊళ్లకు వెళ్లలేకపోయారు. అందుకని ఆ మూడింటిలో ఒక కేంద్రంలో పనిచేసే నర్సునే హైదరాబాద్ పిలిపించాం.

ఆమె తెగిన దారుల్లో నడిచి రోడ్డెక్కి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. లక్డీకాపూల్‌లో దిగి, ఆటోవాళ్లను నమ్మక నడుచుకుంటూ వచ్చానంది. యాభైకి దగ్గర పడిన మనిషి. చేతిలో గుడ్డసంచి, అందులో నాలుగు సీతాఫలాలు, ఒక పిల్లల నోటుపుస్తకం. పుస్తకంలో ఊరి పటం గీసుకొచ్చింది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నీలం పెన్నుతో గీత గీసింది.

మీటింగుకు ముందు మా డైరెక్టర్‌గారు నన్ను లిఫ్టు దగ్గరికి పిలిచారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాదు, ఇప్పటికీ ఆ మాట అనలేను.

"ఆవిడ స్థలం గొడవ ఎత్తుతారమ్మా. రోడ్డు పక్కన ఊరిపెద్ద ఇచ్చిన స్థలం వద్దంటున్నారు, గుట్ట మీద కావాలంటున్నారు. గుట్టకి అనుమతులు తేవాలంటే ఏడాది పడుతుంది. ప్లాన్లన్నీ పాసైపోయాయి. ఇప్పుడు వాళ్లకి అనుమానం వస్తే మూడు సెంటర్లూ పోతాయి. ఆవిడ చెప్పింది క్లుప్తంగా చెప్పేయండి, ఏం?"

నేను తలూపాను.

నర్సు మాట్లాడడం మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, మధ్యలో పుస్తకం చూపిస్తూ, ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగకుండా చెప్పింది.

"గా జాగల కట్టకుండ్రి మేడం. గోదారి నిండితే మా వాగు నీళ్లు ముందుకు పోవు, ఎనక్కి తంతయి. మొన్న గా జాగల నా నెత్తి మీదికి నీళ్లున్నయి. బడి పక్కన గుట్ట ఉన్నది, గాడ రెండు రూములు కట్టిచ్చినా సాలు. టైల్స్ సుత వద్దు. కాన్పుకొచ్చిన పిల్లను నీళ్లల్ల ఏడికి మోసుకపోవాలె చెప్పుండ్రి."

ఆమె ఆపాక అందరూ నా వైపు చూశారు. మీ సాయానికి ఊరంతా కృతజ్ఞతతో ఉందని, వరదలో చాలా బాధలు పడ్డామని, కాన్పులకు ఇబ్బందిగా ఉంది కాబట్టి త్వరగా కట్టమని కోరుతోందని చెప్పాను. మూడు వాక్యాలు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి, నర్సునే చూస్తూ అడిగింది: "స్థలం గురించి ఆమెకేమైనా అభ్యంతరం ఉందా?"

నేను నర్సు వైపు తిరిగి, "ఇంకేమైనా చెప్పాలా అని అడుగుతున్నారు" అన్నాను.

"చెప్పాల్సిందంతా చెప్పిన."

"లేదంటున్నారు" అన్నాను ఇంగ్లీషులో.

డైరెక్టర్‌గారు నోటుపుస్తకాన్ని జాగ్రత్తగా తీసుకుని ఫైల్లో పెట్టారు.

తర్వాత వరండాలో టీ తాగుతూ నర్సు నన్నడిగింది: "గంత సేపు చెప్తే ఇంగ్లీషుల గింతేనా మేడం?"

"ఇంగ్లీషులో పొట్టిగా వస్తుందండీ."

ఆమె నమ్మింది. "మాదే సాగదీసే మాట" అని నవ్వింది. సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి నా చేతిలో పెట్టింది.

ఇంటికెళ్లాక నాన్న ఎప్పటిలాగే మీటింగు సంగతులడిగారు. దాచలేకపోయాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ డాక్టరమ్మ వాళ్లు ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నారా?"

"రేపు సాయంత్రం దాకా ఉంటారు."

"అయితే రేపు చెప్పు."

మర్నాడు బంజారా హిల్స్‌లోని హోటల్ నుంచి డాక్టరమ్మను వెంటబెట్టుకుని ముత్యాలు కొనడానికి వెళ్లాను. కారులో ఆమె పక్కనే కూర్చున్నాను. నీ తర్జుమా వింటుంటే హాయిగా ఉందని మెచ్చుకుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని చాలాసేపు ఆగిపోయాం. చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. డైరెక్టర్‌గారి మాటే చెవిలో మోగుతోంది, మూడు సెంటర్లూ పోతాయని. నా ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, ఆ సంగతి అప్పుడు నాకు నేనే ఒప్పుకోలేదు. అసలైన ముత్యాన్ని ఎలా గుర్తుపట్టాలో వివరిస్తూ కూర్చున్నాను.

ఏడాది తిరిగేసరికి మూడు కేంద్రాలూ లేచాయి. టీకాల ఫ్రిజ్జు, కప్పు మీద సోలార్ పలకలు, తెల్లటి టైల్స్ వేసిన కాన్పుగది. ఫోటోలు పెద్దవి చేయించి ఆఫీసు గోడకు పెట్టాం. ప్రారంభోత్సవానికి జ్వరమని చెప్పి నేను వెళ్లలేదు. ఆ తర్వాతి వానాకాలం మామూలుగానే గడిచిపోయింది. నేను అనవసరంగా కుమిలిపోతున్నాననుకున్నాను.

రెండో వానాకాలంలో గోదావరి నిండింది. వాగు వెనక్కి తన్నింది.

ఆఫీసుకు నర్సు ఫోన్ చేసేసరికి డైరెక్టర్‌గారు ఊళ్లో లేరు. నేనే ఎత్తాను. ఆమె పంజాగుట్టలోనే, పెద్దాసుపత్రిలో ఉంది. నడిచి వెళ్లేంత దూరం. వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. చీర అంచంతా ఎండిన బురద.

జరిగింది ఆమే చెప్పింది. పొద్దున ఒక అమ్మాయి నొప్పులతో వచ్చింది. మధ్యాహ్నానికి కాన్పుగదిలోకి నీళ్లొచ్చాయి. అమ్మాయిని బల్లతో సహా లేపి, నలుగురు మనుషులు నడుములోతు నీళ్లలో బడి దగ్గరికి మోశారు. పిల్లవాడు బడి వరండాలో పుట్టాడు, బతికాడు. తల్లికి రక్తం ఆగలేదు. రక్తం ఆపే ఇంజెక్షన్లు ఫ్రిజ్జులోనే మునిగిపోయాయి. పడవ వచ్చేసరికి పొద్దుగూకింది. జిల్లా ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు కానీ అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇక్కడికి పంపారు. పట్నం తెలియని మనుషులని నర్సు తోడొచ్చింది.

నేను పక్కన కూర్చున్నాను.

"సిస్టర్, ఆ రోజు మీరు స్థలం గురించి చెప్పింది నేను వాళ్లకు చెప్పలేదు."

అర్థం కానట్టు చూసింది. "ఏది చెప్పలే?"

"ఏదీ చెప్పలేదు. ఆ డాక్టరమ్మ అడిగింది కూడా, స్థలం విషయంలో మీకేమైనా అభ్యంతరముందా అని. నేను మిమ్మల్ని ఆ మాట అడగలేదు."

ఆమె పైట కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది.

"ఆమె అడిగిందా?"

"అడిగింది."

"నేను గిన్ని దినాలు గా తెల్లామెనే తిట్టుకున్న మేడం. మన గోస ఆమెకు పట్టలేదనుకున్న. పానం పోయేటట్టు చెప్తే వినలేదనుకున్న." మళ్లీ తనే, "ఆమె తప్పేం లేకున్నా ఊకె తిట్టిన" అంది.

నన్నేమైనా అంటుందని చూశాను. వార్డులోంచి ఎవరో పిలిస్తే లేచి, నా వైపు చూడకుండా, "జర మంచినీళ్ల సీసా తెస్తరా" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడో రోజు ఆ అమ్మాయి చనిపోయింది. ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. ఆమె భర్త చేతిలో ఇంగ్లీషులో ఉన్న ఆసుపత్రి కాగితాలు పెట్టారు. వాటిలో ఏముందో చెప్పమని అతను నన్నడిగాడు. చెప్పాను. రక్తం ఎన్ని గంటలు పోయిందో రాసిన చోట అతను ఆపి, ఆ లైను మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. పసివాడు ఊళ్లో ఎవరి దగ్గరో పాలు తాగుతున్నాడట.

డాక్టరమ్మకు అంతా రాశాను. ఆమె రిటైరయిందని, ఆ సంస్థ ఇప్పుడు వేరే దేశంలో భూకంపం పనుల్లో ఉందని, నా లేఖను సంబంధిత విభాగానికి పంపామని ఎవరో రెండు లైన్లలో జవాబిచ్చారు. డైరెక్టర్‌గారికి కూడా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "మిగతా రెండు సెంటర్లూ చక్కగా నడుస్తున్నాయి కదమ్మా" అన్నారు. అది నిజమే. అక్కడ కాన్పులు జరుగుతున్నాయి, పిల్లలకు టీకాలు పడుతున్నాయి. ఆ నిజం నాకు ఎందుకూ పనికిరాలేదు. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను.

వానలు మొదలైనప్పుడల్లా నర్సుకు ఫోన్ చేస్తాను. ఎత్తుతుంది. ఈ ఏడు కూడా ఎత్తింది.

"మందులు, ఫ్రిజ్జు అన్ని బడికి మార్చినం" అంది.

"నీళ్లొచ్చాయా సిస్టర్?"

"ఇంకా రాలే. వస్తయి."

నన్ను ఏదైనా అంటుందేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను. ఎవరో పేషెంటు వచ్చారని పెట్టేసింది.