ఆవకాయ గదిలో నా ఆఫీసు

కాకినాడలో మా ఆఫీసు మూసేసి, ఇక ఇంటి నుంచే పని చెయ్యమన్నారు. ఫోన్లో కస్టమర్లకి సమాధానాలు చెప్పే ఉద్యోగం నాది. మండపేట దగ్గర మా అత్తారింట్లో నిశ్శబ్దం ఎక్కడిదండీ? హాల్లో కూర్చుంటే మావయ్యగారి టీవీ సీరియల్లో ఏడుపులు కస్టమర్ల దాకా వెళ్ళేవి. పడగ్గదిలో కూర్చుంటే కిటికీ పక్కనే రోడ్డు, ట్రాక్టర్లు. గోల గురించి ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఉండదని మేనేజరమ్మ తేల్చి చెప్పేసింది.

మిగిలింది ఆవకాయ జాడీల గది. మందపాటి గోడలు, చల్లదనం, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. కుట్టుమిషను బల్ల అందులోకి లాక్కొచ్చాను. మోచేతులు బల్లకి సమానంగా వచ్చేలా కుర్చీలో పాత బొంత మడతపెట్టి వేశాను. తూర్పుకి తిరిగి కూర్చోవాలన్నారు మా ఆయన. అటు కూర్చుంటే కిటికీ ఎండ తిన్నగా కళ్ళలో కొడుతుంది. ఉత్తరానికి తిరిగాను. వాస్తు కంటే నా కళ్ళు నాకు ముఖ్యం.

అసలు గొడవ అది కాదు. ముట్టయిన మూడ్రోజులూ ఆ గది గడప తొక్కకూడదన్నారు అత్తయ్యగారు. తొక్కితే ఊరగాయ బూజు పడుతుందట. నెలనెలా మూడ్రోజులు పని మానేస్తే ఆ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుంది? నాకు ఒళ్ళు మండిపోయింది.

"బూజు పడితే ఆ జాడీ మొత్తం నేనే తింటానండి. గది మాత్రం వదలను," అన్నాను.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదావిడ. అన్నిటికంటే పెద్ద జాడీని మా ఆయన చేత మోయించి తన గదిలో పెట్టించుకున్నారు, నా నుంచి కాపాడ్డానికి. మిగతావి నా బల్ల పక్కనే ఉండిపోయాయి. ఆ మూడ్రోజులూ వాటి పక్కనే కూర్చుని పనిచేశాను. దాచడమెందుకు, మొదటి నెల నాకూ భయమేసింది. మూత తీసి చూద్దామని చెయ్యి లాగేది. చూడలేదు.

వానాకాలంలో అత్తయ్యగారు తన జాడీకి కట్టిన గుడ్డ విప్పారు. తెల్లగా బూజు. మోసేటప్పుడు నూనె ఒలికిపోయి, పైముక్కలకి నూనె అందలేదు. నా పక్కనున్న జాడీలు మాత్రం ఘుమఘుమలాడుతున్నాయి. నవ్వాపుకోవడం నా తరం కాలేదు.

భోజనాల వేళయింది. ఆవిడ గిన్నె పట్టుకుని నా గది గడప దగ్గరకొచ్చి, కాస్త ఆవకాయ తీసిపెట్టమన్నారు.

"ఇవాళ నాకు రెండో రోజండి, అత్తయ్యగారూ," అన్నాను. కావాలనే అన్నాను.

ఆవిడ గిన్నె నా చేతిలో పెట్టారు.

"చేతులు తడి లేకుండా తుడుచుకో," అన్నారు.