రంపం పళ్ళ కప్పు కింద

నేను తొమ్మిదేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసిన షాపింగ్ సెంటర్ మెల్‌బోర్న్ శివార్లలో, కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళే దారిలో ఉండేది. అరవైల్లో కట్టారట. కప్పు రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా, ప్రతి పంటికీ దక్షిణం వైపు గాజు అద్దాలతో ఉండేది. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు కాబట్టి ఎండ లోపల పడేది కాదు గానీ వెలుగు రోజంతా దిగేది. స్తంభాలకి ఆకుపచ్చ పెంకులు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, అందులో గుండ్రటి నీళ్ళ తొట్టి. కాకినాడలో మా ఇంటి నేల మొజాయిక్. ఇక్కడా అదే నేల. మొదటిరోజు చెప్పులు విప్పి ఒక్క క్షణం ఉత్తికాళ్ళతో నిలబడ్డాను.

మా పక్క కొట్టు ఒక ఆంటీది. భీమవరం దగ్గర నుంచి వచ్చి బట్టలు ఆల్టరేషన్ చేసేది. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం కొట్టు తెరిచేది.

అలాంటి ఒక ఆదివారం మా అమ్మాయి స్కూల్ స్కర్టు తెచ్చుకుందామని ఆమె కొట్లోకి వెళ్ళాను. ఆంటీ స్కర్టు మడత నలిగిందని ఇస్త్రీ చేస్తోంది. కార్ పార్క్ వైపు నుంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. వెనకాల ముఖాలకి గుడ్డలు కట్టుకుని అయిదారుగురు. చేతుల్లో చెరుకు నరికే కత్తులంత పొడవు కత్తులు. నీళ్ళ తొట్టి దగ్గర తడికి అతను జారి పడ్డాడు. మొదటి వేటు స్తంభానికి తగిలింది, పెంకులు ఎగిరి ఆంటీ కొట్టు గుమ్మం దాకా వచ్చాయి. రెండోది అతని భుజానికి. తడి దుంగని నరికినట్టు వినిపించింది. జనం అరుస్తూ చెదిరిపోయారు. ట్రాలీ వదిలేసి ఒక ముసలాయన నేల మీద బోర్లా పడుకున్నాడు.

దెబ్బ తిన్నవాడు లేచి, తెరిచి ఉన్న మొదటి గుమ్మంలోకి దూరాడు. అది మేమున్న కొట్టే. ఆంటీ అతన్ని తిట్టలేదు, బయటికి తొయ్యలేదు. షట్టర్ హ్యాండిల్ పట్టుకుని గబగబా తిప్పింది. అప్పటి షట్టర్లు చేత్తో తిప్పితేనే దిగేవి. మోకాళ్ళ ఎత్తు దాకా దిగి అది బిగుసుకుపోయింది. ఆ సందులోంచి కత్తి పట్టుకున్న చెయ్యి లోపలికొచ్చి గుడ్డిగా ఊగింది. ఆంటీ పిక్క చీలింది. ఆమె "యేసయ్యా" అంటూ గోడకి జారగిలబడింది.

నేను ఇస్త్రీపెట్టె తీసుకుని ఆ చేతి మీద పెట్టి నొక్కాను.

వాడు అరిచిన అరుపు, ఆ వాసన ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. కత్తి చేతిలోంచి జారిపోయింది. దాన్ని కాలితో వెనక్కి తన్నాను. అంతలో బిగుసుకున్న షట్టర్ ఒక్కసారిగా కిందికి జారి వాడి మణికట్టు దాని కింద ఇరుక్కుంది, లాక్కోలేకపోతున్నాడు. అప్పుడు నేను రెండోసారి పెట్టాను. ఒళ్ళంతా బరువు వేసి, పళ్ళు కొరుకుతూ నొక్కాను. నాకు భయం లేదు అప్పుడు. హాయిగా ఉంది. ఆ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఎలాగో చెయ్యి పీక్కుని వాడు మిగతావాళ్ళతో పాటు పారిపోయాడు. పోలీసులొచ్చేదాకా ఆంటీ తన కాలు సంగతి మర్చిపోయి, ఒక పెళ్ళి గౌను చుట్టి ఆ కుర్రాడి భుజం మీద అదిమిపెట్టింది. అతను బతికాడు. కాలిన చేతివాణ్ణి రెండురోజుల్లో పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళవాడట. ఎన్నిసార్లు కాల్చారని పోలీసు అడిగితే ఒకసారే అన్నాను. తాను రక్తం ఆపే పనిలో ఉన్నానని, ఏమీ చూడలేదని ఆంటీ చెప్పింది. కానీ ఆమె చూసింది. నేను రెండోసారి నొక్కినప్పుడు ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి.

కొన్ని నెలలకి యాజమాన్యం సెంటర్‌ని కూల్చేస్తామంది. అన్ని వైపులా దారులు, మూలలు, తెరిచిన వాకిలి, ఇలాంటి పాత కట్టడాలే గొడవల్ని పిలుస్తాయని ఉత్తరంలో రాశారు. మా వాళ్ళంతా మంచిదే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

కూల్చే రోజు ఆంటీ, నేను కంచె బయట నిలబడ్డాం. ఎక్స్‌కవేటర్ ముందు కప్పు మీద పడింది. ఒక్కో పన్నూ విరుస్తుంటే అద్దాలు వరసగా రాలాయి. ఇనుప ఊచలు పేగుల్లా వేలాడాయి. స్తంభాన్ని పక్క నుంచి గుద్ది, వంగాక మళ్ళీ గుద్దింది, పడ్డాక కూడా గుద్దింది. నేను ఏడ్చాను.

"అక్కడే కదా మనల్ని చంపబోయారు. దానికోసం ఏడుస్తావేంటమ్మా?" అంది ఆంటీ.

"అది ఏం చేసింది ఆంటీ? చేసింది మనుషులం. నేను రెండోసారి కాల్చాను. మీరు చూశారు."

ఆమె కంచె పట్టుకుని నా వైపు తిరిగింది. పోలీసులకి అబద్ధం చెప్పానని తను ఎప్పుడో ప్రార్థనలో ఒప్పుకున్నానని చెప్పింది. "నువ్వూ ఎక్కడో ఒకచోట ఒప్పుకో. లేకపోతే అది లోపలే కుళ్ళుతుంది."

తీసుకెళ్ళడానికి మా ఆయన వచ్చాక, కారులో అంతా చెప్పాను. ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. పోలీస్ స్టేషన్‌కి పోనివ్వనా అని అడిగాడు. పోనిమ్మన్నాను.

కౌంటర్‌లో ఉన్న అధికారిణి నేను చెప్పిందంతా రాసుకుని, సంతకం పెట్టించుకుంది. ఆరువారాలకి ఫోన్ చేసి, నా మీద ఏ చర్యా ఉండదని చెప్పింది. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ కింద మంట తగ్గించాను. ఊపిరి తేలికైందో లేదో అప్పుడు తెలియలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టింది.