అమ్మ పడుకోవాలంటే చుట్టం రావాలి

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లోని మా ఇంట్లో మధ్యాహ్నం పూట నడుం వాల్చే హక్కు ఒక్క మా తాతయ్యకే ఉండేది. పప్పుల దుకాణం నుంచి వచ్చి, భోంచేసి, శవాసనం వేసేవాడు. బీదర్‌లో ఎవరో స్వామి నేర్పాడట. వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ వదులుగా వదిలేసి, అరచేతులు పైకి పెట్టి కళ్లు మూసుకునేవాడు. గురక కూడా వచ్చేది, కానీ దాన్ని నిద్ర అనకూడదు! ఆ కాసేపు మేం గుసగుసలాడినా వీపు మోగేది.

మా అమ్మ తెల్లవారకముందే లేచి కట్టెల పొయ్యి ముందు కూర్చునేది. ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు చేసి, నీళ్లు చేది, బట్టలుతికేసరికి నడుం పట్టుకుపోయేది. ఒకరోజు పాపం తట్టుకోలేక, తాతయ్య లాగే వంటింటి పక్క అర్రలో చాప మీద పడుకుంది. నాయనమ్మ చూసింది. ఇక చూడాలి ఆ రాద్ధాంతం!

“పట్టపగలు ఆడది గిట్ల కాళ్లు సాపుకొని పంటే ఇంట్ల లచ్చిమి నిలుస్తదా?”

“మరి తాత పంటే నిలుస్తదా?” అన్నాను నేను. నా వీపు మోగింది. అమ్మ లేచి చేట ముందేసుకుంది. తాతయ్య అంతా విన్నాడు, కళ్లు మాత్రం తెరవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ గొడవంతా గోడ అవతల పక్కింటావిడకు వినబడింది. ఉర్దూలో పెద్దమ్మను పిలిచినట్టు ఆమెను మేం ఖాలా అనేవాళ్లం. ఆమె బట్టలు కుట్టేది, మా అమ్మను సొంత చెల్లెలిలా చూసేది. మర్నాడు మధ్యాహ్నం పనిగట్టుకుని వచ్చింది.

“మిషన్ తొక్కి తొక్కి నడుం పోయిందమ్మా. మీ ఇంట్ల జర సేపు ఒరుగుత,” అంది నాయనమ్మతో.

ఇంటికొచ్చిన మనిషిని కాదంటారా? నాయనమ్మే చాప పరిచింది.

“ఒక్కదాన్నే పంటే మంచిగుండది. చెల్లెను గూడ పంపుండ్రి,” అంది ఖాలా.

వచ్చినామెను ఒంటరిగా వదిలేస్తే మర్యాద కాదు. అమ్మను పంపక తప్పలేదు. ఇద్దరూ పక్కపక్కనే వెల్లకిలా పడుకున్నారు. అమ్మ చేతులు చాలాసేపు బిగుసుకునే ఉన్నాయి. తర్వాత మెల్లగా వేళ్లు విచ్చుకున్నాయి. రొట్టెలు కాల్చి కాల్చి కమిలిన ఆ అరచేతుల్ని అప్పుడే సరిగ్గా చూశాను.

ఆ తర్వాత ఖాలా తరచూ వచ్చేది. ఆమె రాని రోజు అమ్మకు చాప లేదు.

ఖాలా తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. కానీ సొంత ఇంట్లో మా అమ్మ నడుం వాల్చాలంటే చుట్టం రావాలా? అరవై ఏళ్లు దాటినా నాకు ఆ కోపం చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

ఇప్పుడు మధ్యాహ్నం మా కోడలు పడుకుంటే నేనే తలుపు దగ్గరగా వేస్తాను. వచ్చినవాళ్లు “కోడలు కనవడదేంది, పానం మంచిగ లేదా?” అంటారు.

“మంచిగనే ఉంది. పండుకుంది,” అంటాను.