ఆయుధపూజలో నా ట్యాంకు

మా చిన్నప్పుడు... హొసకోటెలో మేముండే వఠారంలో ఏ గిన్నె ఎవరిదో తెలియాలంటే తిప్పి చూడాల్సిందే. చారు గిన్నె ఒకరింటికి, పచ్చడి గిన్నె ఇంకొకరింటికి... పేరు చెక్కించకపోతే అది మళ్ళీ మనింటికి వచ్చే మాటే లేదు. పేరు లేని వస్తువు ఊరుమ్మడి సొత్తు అనేది మా అవ్వ.

నేను పేరు చెక్కింది మాత్రం గిన్నె మీద కాదు... ఒక ట్యాంకు లోపల.

ఏడో తరగతిలో ఉండగా దసరా సెలవులకి మా మామ ఒక అట్టపెట్టె తెచ్చాడు. మామ బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో, టూల్ రూములో పనిచేసేవాడు. పెట్టె మీద రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు నడిపిన షెర్మన్ ట్యాంకు బొమ్మ. లోపల ట్యాంకు లేదు... చట్రాలకి అంటుకున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్కలు, ఒక జిగురు ట్యూబు, ఎలా బిగించాలో చెప్పే కాగితం.

"మీ ఇద్దర్లో ఎవురు బిగిస్తే వాళ్ళని మా ఫ్యాక్టరీకి పిల్చుకొని పోతా. ఇనుము చెక్కే లేత్ మిషను మీద పని నేర్పిస్తా," అన్నాడు నాతో, మా పెద్దమ్మ కొడుకు శీనన్నతో.

శీనన్న మొదటి రోజే ఒక చక్రం విరగ్గొట్టి గోలీలాటకి పోయాడు. ఆ చక్రం అతికించడం దగ్గర్నుంచి తొమ్మిది రోజులు, మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, నేనే కూర్చున్నాను. చక్రాల మీది రబ్బరు గొలుసు కొసలు కలపాలంటే వేడి ఇనుముతో కరిగించాలట. బస్తాలు కుట్టే దబ్బనాన్ని కిరసనాయిలు స్టౌ మీద కాల్చి అతికించాను. చూపుడు వేలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఫిరంగి ఉండి పైన గుండ్రంగా తిరిగే భాగాన్ని మేం బుర్ర అనేవాళ్ళం. దాని రెండు చిప్పలూ అంటించే ముందు, లోపల కంపాసు ముల్లుతో గీకాను... భారతి, ఏడో తరగతి. బయట గీకితే అందం పోతుందని.

ఆయుధపూజ రోజు అవ్వ కత్తిపీట, కుట్టుమిషను, మామ స్కూటరు పక్కన దాన్నీ పెట్టి పసుపు కుంకుమ అద్దింది. మామ చేతిలోకి తీసుకుని బుర్ర తిప్పి చూశాడు.

"శానా బాగుండాది. ఎవురు చేసినారప్పా?"

"నేనే మామా," అన్నాడు శీనన్న, నేను నోరు తెరిచేలోపే.

"కాదు మామా, నేను చేసినా," అన్నాను. అందరూ నవ్వారు. "ఆడపిల్లకి యుద్ధం ట్యాంకులేలమ్మే? పోయి పూలు కట్టు పో," అంది పెద్దమ్మ. కాలిన వేలు చూపించాను. స్టౌ దగ్గర వేలు కాలని ఆడపిల్ల ఏ ఇంట్లో ఉంది... ఎవరూ పట్టించుకోలేదు.

రుజువు లోపలే ఉంది. చూపించాలంటే పగలగొట్టాలి. చేతిలోకి తీసుకున్నాను కూడా... తొమ్మిది రోజుల పని. మనసు రాలేదు. తిరిగి పెట్టేసి పూలు కట్టడానికి పోయాను.

మామ శీనన్నని తీసుకెళ్ళాడు. లేత్ నేర్పాడు, డిప్లొమాలో చేర్పించాడు. నన్ను బీకాంలో వేశారు. ఇప్పుడు బెంగళూరు బెళ్ళందూరులో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని వేరేవాళ్ళ తప్పులు దిద్దుతుంటాను. శీనన్నకి హొసకోటెలో సొంత వర్క్‌షాపు. ఏటా ఆయుధపూజకి నా ట్యాంకుని లేత్ మీద పెట్టి, బొట్టు పెట్టి, "పన్నెండేళ్ళకే చేసినా దీన్ని," అని పనివాళ్ళకి చెప్తాడు. పక్కన కుర్చీలో మామ మురిసిపోతాడు. నేను ప్రసాదం తిని ఇంటికొస్తాను. కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు... నాకు చల్లారలేదు.

శీనన్నా, నువ్వు ఈ పోస్టు చదువుతావని తెలుసు. మామకి నేనే పంపించాను. ఈసారి గుమ్మడికాయ కొట్టే ముందు ఆ బుర్ర పగలగొట్టు. లోపల నీ పేరుంటే అందరి ముందు నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు కొట్టకపోతే నేను కొడతాను. అప్పుడు నాకు మనసు రాలేదు... ఇప్పుడు వస్తుంది.

ఈ రోజుల్లో గిన్నెల మీద పేర్లు ఎవరు చెక్కిస్తున్నారు... పక్కింటికి గిన్నె వెళ్తేగా. మీ అటక మీద పాతవి ఉంటే దించి, తిప్పి చూడండి. ఎవరి పేరుందో కింద రాయండి. వేరేవాళ్ళదైతే ఇచ్చెయ్యండి... వాళ్ళు నాలా నోరు తెరిచి అడిగేదాకా రానివ్వకండి.