వెల్ల కింద పేరు

మలికిపురానికి కోసెడు దూరంలో, కాలవ గట్టు మీద మా ఊరి మేడ ఉంది. కొన్నేళ్ళ కిందట సర్కారు వారు దాన్ని కాపాడవలసిన పాత కట్టడమని రాసుకుని, గుమ్మం పక్కన పలక పెట్టించేరు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎవరు కట్టించేరు, ఎప్పుడు కట్టించేరు అని అడుగుతారు. దాన్ని రోజూ తుడిచిన వీరాయమ్మ సంగతి ఎవరూ అడగరు. అందుకని నాకు తెలిసినంత రాసి పెడుతున్నాను.

మేడ కట్టించింది బాపిరాజు గారి ముత్తాతగారు. పడవల మీద కొబ్బరి వ్యాపారం చేసేవారట. గుల్లసున్నం గానుగలో నలిపించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపించి ఇటుక పేర్పించేరు. కిటికీ గూట్లో ఒక మనిషి హాయిగా నడుం వాల్చవచ్చు, గోడలు అంత మందం. దూలాలన్నీ బర్మా నుంచి దిగిన రంగం టేకు. వీధివైపు కమానుల వరండా, పై అంచున వాననీళ్ళు పడే సింహం మొహాల తూములు. రోహిణి కార్తెలో కూడా లోపల అడుగు పెడితే ఒళ్ళు చల్లబడేది.

కాకినాడ మీద బాంబులు పడ్డ ఏడు మిలటరీ వాళ్ళొచ్చి మేడ అడిగేరు. అడగడమేమిటి, తీసుకున్నారు. సముద్రం కాపలా కాసే దండుకి అదే హెడ్‌క్వార్టర్సు అయింది. బాపిరాజు గారు కుటుంబంతో తోటలో పెంకుటింటికి మారిపోయేరు. మేడ మీద వైర్‌లెస్ స్తంభం లేచింది. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించేరు. తూర్పు గది గోడ నిండా సిపాయిలు ఏవో గీతలు, గుర్తులు, వాళ్ళ భాషల్లో పేర్లు రాసుకున్నారు.

వీరాయమ్మకి అప్పటికే భర్త లేడు. ఒక్కడే కొడుకు బాబ్జీ, ఇరవై ఏళ్ళవాడు. తల్లి మేడ తుడిచేది, కొడుకు సిపాయిల వంటశాలకి నీళ్ళు మోసేవాడు. వాళ్ళ మాట ఈవిడకి రాదు, ఈవిడ మాట వాళ్ళకి రాదు. అయినా ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి పట్టుకెళ్ళేది. "ఎవరి కన్నబిడ్డలో పాపం" అనేది.

ఆ సిపాయిల్ని చూసి చూసి బాబ్జీకీ మనసు పుట్టింది. పటాలంలో చేరిపోయేడు. బయల్దేరే రోజు పొయ్యిలో బొగ్గు ముక్క తెచ్చి, తూర్పు గదిలో కిటికీ కింద తన పేరు రాసేడు.

"పెద్దోళ్ళ గోడ పాడు చేస్తావేంట్రా!" అని తల్లి కేకలేసింది.

"నా పేరే కదే. నేనొచ్చి నేనే చెరుపుతాను. అందాకా చీపురు తగలనీకు."

బర్మా వెళ్ళినవాడు మరి రాలేదు. తంతి వచ్చింది. ఇంట్లో వాడి ఫొటో ఒక్కటైనా లేదు.

యుద్ధం అయ్యేక మేడ బాపిరాజు గారికి తిరిగొచ్చింది. ఆయన తోటలోనే ఉండిపోయి, "తాళాలు నీ దగ్గరే ఉంచుకో వీరాయమ్మా" అన్నారు. రోజూ తుడవడం అయ్యేక ఆవిడ చేతులు కడుక్కుని ఆ కిటికీ దగ్గర నిలబడేది. చదువు రాదు గాని ఆ అక్షరాలు మాత్రం వచ్చు. బొగ్గు చెరిగిపోతుందని ఏనాడూ వేలు తగిలించలేదు. ఈ సంగతి మా అమ్మ సుబ్బమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "మా వాడు వాళ్ళ గోడ మీద గీతలు గీసేడంటే ఏం మర్యాదండీ?" అనేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, మేడ చూసి వివరాలు రాసుకోవడానికి ఆఫీసరు గారొస్తున్నారని కబురొచ్చింది. మా వైపు ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే సున్నాలు వేయించకుండా ఉంటామా? అప్పుడే శివరాత్రి. వీరాయమ్మకి ద్రాక్షారామం వెళ్ళాలని ఎప్పటినుంచో కోరిక. బాపిరాజు గారే పడవలో వెళ్ళే యాత్రికులతో పంపించేరు.

"నీకెందుకు ఆ సున్నం చుక్కలు కడిగే చాకిరీ? నువ్వొచ్చేసరికి అన్నీ చేయించేస్తాను" అనుకున్నారు, మనసులోనే. పైకి చెప్పలేదు.

మంచిమనసుతో చేసిన పనే అది. తలుచుకుంటే అదే బాధ.

వీరాయమ్మ విభూతి పొట్లం కొంగున కట్టుకుని తిరిగొచ్చింది. వరండా ఎక్కగానే తడి సున్నం వాసన. గబగబా తూర్పు గదిలోకి వెళ్ళింది. మేమూ వెనకాలే వెళ్ళేం. గోడంతా తెల్లగా, పాలు పోసినట్టుంది.

బాపిరాజు గారు నవ్వుతూ వచ్చేరు. "ఎలా ఉంది వీరాయమ్మా? పెళ్ళికూతురిలా లేదూ మన మేడ?"

"ఆయ్, బాగుందండి" అంది. అని అక్కడే కూలబడింది.

మా అమ్మ చెప్పక తప్పలేదు. విని బాపిరాజు గారు తలుపు పట్టుకుని నిలబడిపోయేరు. "ఒక్క మాట నాతో అనలేకపోయేవా తల్లీ?"

"తమరి గోడండీ..." అంది వీరాయమ్మ.

మర్నాడు ఆఫీసరు సత్యనారాయణమూర్తి గారొచ్చేరు. నెమ్మదైన మనిషి. సిపాయిల రాతలు పోయినందుకు ఆయనకీ మనసు చివుక్కుమంది, కాని ఎవర్నీ ఒక్క మాట అనలేదు. వీరాయమ్మ కథ విని గోడ మునివేళ్ళతో తడిమి చూసేరు.

"గీకించి చూడొచ్చమ్మా. పేరు కనబడితే కనబడొచ్చు. లేదా వెల్లతోపాటు బొగ్గూ రాలిపోవచ్చు. నీ ఇష్టం."

వెల్ల వేసిన సింహాద్రి అక్కడే ఉన్నాడు. వీరాయమ్మ అతని వైపు తిరిగింది. మసి మరకలుంటే ముందు కొబ్బరి పీచుతో రుద్ది, ఆ తరవాతే సున్నం వేయడం వాళ్ళ వాడుక.

"నువ్వు రుద్దేవా నాయనా?"

సింహాద్రి చేతిలో మొగలి ఊడ కుంచె తిప్పుతూ నేలకేసి చూసేడు. "లేదమ్మా. కిటికీ కింద చీకటి కదా, కనపళ్ళేదు. అలాగే పూసేసేను."

నిజం చెప్పేడో, ఆవిడ మొహం చూసి అలా అన్నాడో ఆ ద్రాక్షారామం భీమేశ్వరుడికే తెలియాలి.

"అయితే ఉంది" అంది వీరాయమ్మ. "వద్దండి, గీకించకండి."

పలక పెట్టేక ఆ గోడల మీద సున్నం వేయకూడదు, గీకకూడదు అని ఉత్తరువు వచ్చింది. ఆవిడ మాత్రం రోజూ తుడవడం అయ్యేక అక్కడే నిలబడేది. ఒకసారి బాపిరాజు గారి కోడలు కామేశ్వరి గారు చనువు కొద్దీ, "ఒట్టి గోడకేసి ఏం చూస్తావే?" అన్నారు.

"శివలింగానికి మొహం ఉంటదేంటండీ? చూట్టం లేదూ?" అంది.

ఆవిడ మొన్న మాఘంలో పోయింది. అన్నేళ్ళూ శివరాత్రి వస్తే బాపిరాజు గారు తానే వచ్చి, "పడవ మాట్లాడేను, ద్రాక్షారామం వెళ్ళిరా" అని బతిమాలేవారు.

"ఆయ్, వచ్చే ఏడు వెళ్తానండి" అనేది. మేడ తాళాలు మాత్రం బొడ్లోంచి తీసేది కాదు.