బ్రహ్మహృదయం రంగు

లక్ష్మీరాజానికి అలసట కాళ్లలో మొదలై నడుముకెక్కి, ఈమధ్య మాటలోకి కూడా వచ్చింది. సిరిసిల్లలో లంగా గుడ్డకు రంగు వేసే కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లుగా ఆయనదే ఆఖరి మాట. రంగు సరిచూసే షేడ్ కార్డు ముట్టడు. తొట్టిలోంచి తడిగుడ్డ అంచు తీసి వెలుగుకు పట్టి చాలంటే, ఇక చాలు. సేటు శ్రీహరి కూడా ఎదురు చెప్పడు.

అలాంటిది ఈ నెలలో రెండుసార్లు పసుపు తానులు వెలిసిపోయినట్టున్నాయని వాపసొచ్చాయి. రంగు పొడి తూచే రాయమల్లు తక్కువ తూస్తున్నాడని లక్ష్మీరాజం సేటుకు చెప్పేశాడు. పన్నెండేళ్లు పక్కనే నిలబడి మరిగే తొట్ల వేడికి మాడిన మనిషి మీద అంత తేలిగ్గా ఎలా చెప్పాడంటే, తన కంటిని అనుమానించడం ఆయనకు చేతగాని పని మరి. మర్నాడు పొద్దున రాగానే రాయమల్లును పనిలోంచి తీసేస్తానన్నాడు సేటు. ఆ మాట రాయమల్లు చెవిన కూడా పడింది.

ఆ సాయంత్రం చీకటి పడగానే, తన ఇంటి మేడ మీద అద్దెకుండే సైన్సు టీచరు పద్మలత పిలిచింది. బడి దూర్బీను తెచ్చిందట, ఒకసారి చూసిపొమ్మంది. మెట్లెక్కే ఓపిక లేకున్నా ఎక్కాడు. ఈశాన్యాన బాగా వెలుగుతున్న చుక్కను చూపించి, రంగుల మనిషివి కదా, ఇదేం రంగో చెప్పమంది. పసుపన్నాడు, జర మాగిన పసుపు.

ఆమె మెచ్చుకుంది. అది బ్రహ్మహృదయమట, రంగులో మన సూర్యుడి తీరేనట. ఒక్కటిగా కనిపిస్తుంది గాని నిజానికి నాలుగట. సూర్యుడికంటే ఎన్నో రెట్లు పెద్దవి రెండు, దాదాపు ఒకే పసుపువి, ఒకదాని చుట్టూ ఒకటి మూడున్నర నెలలకోసారి తిరిగొస్తాయట. వాటికి చాలా దూరంలో చిన్న ఎర్రవి ఇంకో రెండు. ఆ పెద్ద రెండూ ఈ దూర్బీనుకు విడివిడిగా కనిపించవట. రెండు తొట్లలో ఒకే షేడు తేవడం ఎంత కష్టమో తెలిసిన మనిషికి ఆ పనితనం నచ్చింది. అంతకంటే, తన కన్ను బాగుందని తేలినందుకు మనసు నిమ్మళించింది.

పద్మలత దూర్బీనును వాయవ్యానికి తిప్పింది. ఇది అభిజిత్తు, ఇప్పుడు తేడా చూడమంది.

"గిది గూడ గదే పసుపు గద బిడ్డా."

పరాచికమాడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. "తెల్లగున్నది కాకా. జర నీలం గూడ కొడుతున్నది."

మళ్లీ చూశాడు. పసుపే. ఒట్టి కంటితో ఆకాశమంతా వెతికాడు. చుక్కలన్నీ ఒకే తొట్టిలో ముంచి తీసినట్టున్నాయి. వయసుతో పసుపు పట్టింది తన కళ్లకే. అందుకే వెలవెలబోయిన గుడ్డ కూడా తనకు నిండుగా కనిపిస్తోంది, రంగెక్కకముందే చాలంటున్నది తానే. సిగ్గుతో ఆమెకేమీ చెప్పకుండా దిగిపోయాడు.

రాయమల్లు ఇల్లు రెండు వీధుల అవతల. కాళ్లీడ్చుకుంటూ వెళ్లేసరికి అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నీ తూకం మంచిగనే ఉన్నదిరా. ఖరాబైంది నా కన్ను. పొద్దుగాల సేటుకు నేనే చెప్త."

రాయమల్లు తలూపాడు.

"నాకు ఎర్కనే అన్నా. ఎండకాలం సంది ఎర్క. నువ్వు చాలని చెప్పి చాయ తాగనీకి పోంగనే ఇంకింత పొడి ఏస్తున్న. గా రెండు సార్లే, సేటు పక్కనే నిలవడ్డడు. ఏసుడు గాలే."

పని పోతుందని తెలిసీ ఆ మాట సేటుకెందుకు చెప్పలేదని అడగబోయాడు లక్ష్మీరాజం. రాయమల్లు కొంచెం జరిగి ఆయనకు అరుగు మీద చోటిచ్చాడు.