కంది చేనుకు రెండు కెమెరాలు

2006 నవంబరు 12, ఆదివారం, ఉదయం ఆరుంబావుకు ఇది మొదలైంది. మొన్న చేవెళ్ల దారిలో హిమాయత్‌నగర్ దగ్గర షేర్ ఆటోలో పోతుంటే మనవరాలు ఫోను బయటికి చాపి, రోడ్డు వెంట ప్రహరీగోడల వరసను ఒక్క క్షణంలో ఫోటో తీసేసరికి ఆ తేదీ మళ్లీ మనసులో మెదిలింది. ఒక్క ఫోటో కోసం ఎంతసేపు కాచుకునేవాళ్లమో మన ఈడువాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

పక్షవాతం వచ్చి మామగారు చేవెళ్ల ఇంట్లో మంచం పట్టి అప్పటికి రెండేళ్లు. మొయినాబాద్ దాకా పొలాలన్నీ ప్లాట్లు అవుతున్న రోజుల్లో మాదీ అమ్మక తప్పలేదు. కంది కోసేదాకా ఆగుతామని కొన్నవాళ్లు మాటిచ్చారు. మామగారు కోరింది ఒక్కటే, ఆ పొలాన్ని తన మంచం ఎదుటి గోడ మీద పెట్టమని.

నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిది కొత్తగా డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాడు. స్టూడియో నడిపే మా వారి దగ్గర, మూడు కాళ్ల మీద నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకుని చూసే పాతకాలపు పెద్ద కెమెరా ఉండేది. "అన్నా, నువ్వు ఆ డబ్బ తెరిచేలోపల నేను వంద తీస్త" అని మరిది నవ్వాడు. తీశాడు కూడా. వాటిలో ఒకదాన్ని గోడంత ప్రింటు వేయించి తెచ్చాడు. దూరానికి బాగానే ఉంది గానీ, మామగారు దగ్గరికి తెప్పించుకుని, కదిలే ఆ ఒక్క చేత్తో తడుముతూ బావి గడ్డ మీది రాళ్ల కోసం వెతికారు. అంత పెద్దది చేసేసరికి రాళ్లూ తాటిచెట్లూ అన్నీ అలుక్కుపోయాయి.

"ఇది ఎవల పొలం కొడుకా?"

మరిది ఆ ప్రింటు చింపేసి, కెమెరాలోవన్నీ ఆ పూటే చెరిపేశాడు.

ఆ తర్వాతి ఆదివారమే, ఆ పన్నెండో తేదీ తెల్లవారుతుండగా, మా వారు పెద్ద కెమెరా బయటికి తీశారు. దాని ఫిల్ము అరచేయంత ఉంటుంది, ఎంత పెద్దది చేసినా ఆకు ఆకూ విడిగా కనబడుతుంది. నగరంలో దొరకడం మానేశాక మా దగ్గర మిగిలింది ఒక్కటే ముక్క. దగ్గరి గట్టూ దూరపు గుట్టా రెండూ తేటగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా సన్నం చేయాలి, అలా చేస్తే ఆ మసక వెలుగులో, నేను కట్టిన లెక్క ప్రకారం, రెండు సెకన్లు తెరిచి ఉంచాలి. మరిది కెమెరాకు గాలితో పని లేదు. దీనికి మాత్రం ఆ రెండు సెకన్లూ కంది కొమ్మ కదలకూడదు. పూత మీదున్న చేను, ఆగని చలిగాలి, గడియారం పట్టుకుని నేను, నల్లగుడ్డ కింద తలకిందులుగా కనబడే పొలాన్ని చూస్తూ ఆయన. జర కదిలితే ఏమైతదని మరిది పోరాడు. మళ్లీ అలుక్కుపోయిన పొలాన్ని బాపు చేతిలో పెట్టనన్నారు మా వారు. ఆది, సోమ, మంగళ, మూడు పొద్దులూ తీయకుండానే కెమెరా మడిచి తెచ్చాం.

బుధవారం గాలి లేదు. చేనూ లేదు. కోతదాకా ఆగుతామన్నవాళ్లు ముందురోజు సాయంత్రమే జేసీబీలు దింపి, కందిని నేలమట్టం చేసి, బావి పూడ్చేశారు.

ఇంటికి రాగానే "తీసిన్రా?" అని అడిగారు మామగారు.

"గాలి ఆగలే బాపు" అన్నారు మా వారు. డిసెంబరు 3న మామగారు పోయేదాకా, అడిగిన ప్రతిసారీ అదే మాట చెప్పారు. ఆ ఫిల్ము ముక్క వెలుగు చూడకుండానే చెడిపోయింది.

ఇప్పుడు ఆకు ఆకూ పట్టే కెమెరాలు అందరి జేబుల్లోనూ ఉన్నాయి, ఆ దారిన ఆకే లేదు. పోయినవి: నాలుగెకరాల చేను, ఒక బావి, పదకొండు తాటిచెట్లు, మామగారు. ఫోటో ఒక్కటీ లేదు.